చెవిలో చెప్పాల్సిన పేరు

నాకంటే ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదట. అందుకని నేను పుట్టగానే మా అవ్వ నన్ను పెంటకుప్ప మీద పొర్లించి, చావు సైతం ముట్టడానికి అసహ్యించుకునే పేరొకటి పెట్టింది. ఆ పేరే నన్ను బతికించిందని చచ్చేదాకా నమ్మింది. మా ఊరి బడికి కొత్తగా వచ్చిన పంతులు మాత్రం హాజరు పట్టీలో దాన్ని చూసి, సాగదీసి సాగదీసి చదివి, పిల్లలందరినీ నవ్వించాడు. మూడో తరగతి మధ్యలోనే బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా కిరాణా పొట్లాల కాగితాల మీదే. అరవై ఏళ్లు దాటినా ఆ నవ్వును నేను మరచిపోలేదు, క్షమించలేదు.

పోయిన ఏడాది అలాంటి నవ్వే నా పెద్దబిడ్డ మీద పడబోయింది.

నా కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున జనగామలో, కోడలి పుట్టింట్లో పేరు పెట్టే పండుగ. మా ఆచారం ప్రకారం మేనత్త పాప పడుకున్న తొట్టెల మీదికి వంగి, చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. అప్పటిదాకా ఆ పేరుతో ఎవరూ పిలవకూడదు. మేనత్తంటే నా పెద్దబిడ్డే. మహబూబాబాద్ వైపు ఇచ్చాం. కేసముద్రం మార్కెట్లో వడ్లు చెరిగే కూలి.

కోడలు నెలల తరబడి ఫోనులో వెతికి ఎంచిన పేరు అది. లోకంలో ఎవరికీ లేదట. రెండు చోట్ల ఒత్తులు, చివర నాలుక మడవాల్సిన అక్షరం.

నేను ఘనపూర్ నుంచి బస్సులో ముందే వచ్చి జనగామ స్టేషన్లో నిలబడ్డాను. రైలు దిగిన బిడ్డ పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

“ఏందే, జపం చేస్తున్నవా?”

“వారం సంది చేట పట్టుకోని గిదే అంటున్న నాయినా. నా పక్కన చెరిగేటోళ్లందరికి వచ్చింది, నాకే వస్తలేదు.”

ఇంట్లోకి అడుగుపెట్టగానే కొడుకు నన్ను పక్క గదిలోకి లాక్కుపోయాడు.

“నాయినా, జర సమజ్ చేస్కో. అక్క తొట్టెల కాడ నిలవడితె చాలు. పేరు మా మరదలు చెప్తది. వీడియో తీస్తున్రు, మైకుల అందరికి ఇనవడ్తది. అక్క తప్పు పలికితె నలుగురు నవ్వుతరు.”

“నీకు జరమొస్తె దవాఖాన దాక వీపు మీద మోసింది గా అక్కనే గదరా! గప్పుడు ఏ మరదలొచ్చింది?”

“పరువు పోతది నాయినా.”

“ఎవని పరువు?”

వాడు నా భుజం మీదుగా చూశాడు. వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర నా బిడ్డ. పాపకని తెచ్చిన వెండి కడియాల డబ్బీ చేతిలో ఉంది. ముఖం చూస్తే అంతా విన్నదని తెలిసిపోయింది.

హాల్లో పూలబోర్డు మీద పేరు అతికించి గుడ్డ కప్పుతున్న కెమెరా అతను ఊరుకోకుండా, “గీ పేరు నాకు నోటికొచ్చింది సార్. గీ నెలల గిది మూడోది,” అన్నాడు. వియ్యపురాలి ముఖం మాడిపోయింది. ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేవాణ్ని. కానీ అప్పుడే పూజకొచ్చిన అయ్యగారు “మేనత్త రావాలె” అని కేకేశాడు.

నా బిడ్డా, కోడలి చెల్లెలూ ఇద్దరూ కదిలారు. ఆ పిల్ల చిన్న మైకు అప్పటికే పైటకు పెట్టుకుని ఉంది. నా బిడ్డ అరచేయి చాపింది.

“గది గిటియ్యి చెల్లె.”

తను పెట్టుకుంటుందనుకుని ఆ పిల్ల తీసి ఇచ్చింది. నా బిడ్డ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. “పట్టుకో నాయినా.”

పిడికిలి బిగించాను. కెమెరా అతను కంగారుపడ్డాడు. “సార్, ఆవాజ్ రాదు!”

“రావద్దు,” అన్నాను. కొడుకు నా వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

బిడ్డ నెత్తిన కొంగు కప్పుకుని, పాప ముఖం కూడా కనబడకుండా తొట్టెల మీదికి వంగింది. ఎంతసేపని! మూడుసార్లు ఆమె వీపు కదలడం చూశాను. లేచి కొంగు సర్దుకుంది. నవ్వడానికి ఎవరికీ ఏమీ వినబడలేదు.

కోడలు ఉండబట్టలేక అడిగింది. “సరిగ్గనే పలికినవా వదినా?”

“నీ బిడ్డకు ఇనవడ్డది. పెద్దగైనంక దాన్నే అడుగు,” అని పాప కాళ్లకు కడియాలు తొడగసాగింది.

సాయంత్రం రైలు ఎక్కిస్తూ నేనూ అదే అడిగాను. నాకూ చెప్పలేదు.