క్యూరింగ్ చేసిన చలిమిడి

నాకు ఏడో నెల వచ్చేసరికి నరసరావుపేటలో మా వీధి వీధంతా డాక్టర్లైపోయారు, నేను తప్ప. ఎదురింటి పిన్ని బొప్పాయి వైపు చూడొద్దంది. తినొద్దని కాదు, చూడనే వద్దంది. పక్కింటామె కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ పచ్చగా పుడుతుందని నొక్కి చెప్పింది. ఆమె ముగ్గురిని కన్నది, ముగ్గురిలోనూ ఆ పువ్వు పనిచేసిన దాఖలాలు నాకైతే కనపడలేదు. ఇక మా ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని వారం వారం బిడ్డ సైజు ప్రకటించేవాడు. ఒక వారం వంకాయ, ఇంకో వారం కొబ్బరికాయ. కడుపులో కూరగాయల బజారు మోస్తున్నానని తెలిసి నేను మురిసిపోవాలని ఆయన ఆశ.

మా అత్తగారిది ఇంకో చట్టం. బిడ్డ పుట్టకముందు గుడ్డముక్క కూడా కొనకూడదు. సరే, కొనలేదు. అన్నిటికీ తలూపాను. ఒక్క విషయంలోనే నా తల ఊగలేదు.

తొలి కాన్పు పుట్టింటివాళ్ళది. ఏడో నెలలో వాళ్ళు చలిమిడి తెచ్చి, ఒళ్ళో పెట్టి, కూతుర్ని తీసుకుపోవాలి. ఎనిమిదో నెల పడిందంటే ఇక కదపరు. నా పుట్టిల్లు మాచర్ల. ఆ ఇంట్లో ఉన్నది మా నాన్న ఒక్కడే. తాపీ మేస్త్రీ. అమ్మ నాలుగేళ్ళ కిందట స్నానాల గదిలో జారిపడింది. తలకి దెబ్బ తగిలి మళ్ళీ లేవలేదు. ఆ గదిలో నున్నటి టైల్స్ నాన్నే ముచ్చటపడి వేశాడు. అమ్మ పోయాక ఆ తలుపుకి గొళ్ళెం పెట్టేసి పెరట్లో తొట్టి దగ్గర స్నానం చేసేవాడు. చలికాలంలో కూడా అంతే. ఎవరు చెప్పినా వినేవాడు కాదు.

మా అత్తగారు మంచి మనిషి. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని ఎంత జాగ్రత్తగా మాట్లాడుతుందంటే, ఆ జాగ్రత్త కాస్తా సూటిగా వచ్చి తగులుతుంది.

"మీ నాన్న ఒక్కడే గదమ్మా. ఆయనకి గంజి కాయటం వచ్చా? పురుడంటే మాటలా? ఇక్కడే ఉండు, నేను లేనా ఏంది?"

ఆవిడ మాటల్లో తప్పేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే. ఆ గదిలో కాలు పెట్టాలంటే నాకూ భయమే. అయినా పోవాలి. పోకపోతే నాకు పుట్టిల్లు లేదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. అది నాన్నకి కూడా తెలుసు. ఆ వారమే ఫోన్ చేశాడు.

"ఆదివారం చలిమిడి తెస్తన్నా."

"ఎవరు చేస్తున్నారు నాన్నా?"

"నేనే."

"నీకేం వచ్చు?"

"ఏందే, ముప్పై ఏళ్ళు సిమెంటు కలిపినోణ్ణి, కాస్త పిండి కలపలేనా?"

నేను భయపడాల్సింది అప్పుడే. పుట్టింటి గర్వంతో కళ్ళు మూసుకుపోయి భయపడలేదు.

ఆదివారం పొద్దున్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని దిగాడు. చేతిలో ఎప్పటి సంచే. అందులో సుత్తీ తాపీ లేకుండా ఆయన ఇల్లు కదలడు. నా పెళ్ళికి కూడా ఆ సంచితోనే వచ్చాడు. హాల్లో పిన్నీ, పక్కింటామే, అత్తగారూ కూర్చున్నారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టారు, గాజులు తొడిగారు. నాన్న సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచాడు. చలిమిడి పైభాగం ఎంత చదునుగా ఉందంటే, రసమట్టం పెట్టి చూసినా వంక దొరకదు.

పిన్ని గరిటె దించబోయింది. గరిటె వంగింది. డబ్బా బోర్లించి దులిపింది. రవ్వ కూడా రాలలేదు.

"అన్నయ్యగారూ," అంది అత్తగారు, "ఇది చలిమిడా, శ్లాబా?"

నాన్న చాలా గంభీరంగా వివరించాడు. "పాకం పల్చగా ఉంటే నిలబడదేమోనని ఇంకాసేపు మరిగించా చెల్లెమ్మా. డబ్బాలో పోసి, లోపల గాలి లేకుండా గట్టిగా దట్టించా. తాపీతో చదును చేశా. కడిగిన తాపీనేలే. పగుళ్ళు రాకుండా రెండ్రోజులు తడిగుడ్డ కప్పి ఉంచా."

అంటే కొత్త శ్లాబుని తడిపి ఉంచినట్టు క్యూరింగ్ చేశాడు. మా నాన్న చలిమిడికి క్యూరింగ్ చేశాడు! ముగ్గురాడవాళ్ళూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. ఇక నవ్వు రాలేదు.

నాన్న ఎవరివైపూ చూడకుండా సుత్తి తీశాడు. డబ్బా బోర్లించి చుట్టూ మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. చలిమిడి బిళ్ళ మొత్తం ఒక్కసారిగా ఊడింది. దాన్ని ముక్కలు కొట్టాడు. ఒక ముక్క సోఫా కిందికి ఎగిరిపోయింది. పిన్ని మంచి ముక్కొకటి ఏరి నా ఒళ్ళో పెట్టింది. నేను ఇంకోటి నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకున్నాను. పంటికి లొంగలేదు గానీ తియ్యగానే ఉంది. వేయించిన కొబ్బరి ముక్కలు కూడా తగిలాయి. అన్నీ కొలిచి కోసినట్టు ఒకే సైజు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని అసలు మాటకొచ్చింది.

"నవ్వుకోటానికి బాగానే ఉంది అన్నయ్యగారూ. రేపు బాలింతకి పత్యం ఎవరు వండుతారు? నీళ్ళెవరు పోస్తారు?" గొంతు తగ్గించి అడిగింది. "ఆ గదిలోనేనా?"

నా నోట్లో ముక్క అలాగే ఉండిపోయింది. మింగలేను, ఉమ్మలేను.

నాన్న సుత్తి వైపు చూస్తూ చెప్పాడు.

"పత్యం మా ఎదురింటి వదిన వండుద్ది. నీళ్ళూ ఆమే పోసిద్ది, మాటిచ్చింది. నా వంట సంగతి మీరు చూశారు గదా." సుత్తి సంచిలో పెట్టాడు. "ఆ గదిలో టైల్స్ పగలగొట్టేశా చెల్లెమ్మా. నేనేసినయ్యే. ఒక్కటి కూడా ఉంచలా. గరుకు నాపరాళ్ళు పరిచా. గోడ పొడుగునా పట్టుకోటానికి పైపు బిగించా. నీళ్ళు పోసి, సబ్బు రుద్ది, నేనే నడిచి చూశా. మూడుసార్లు చూశా. జారలా."

నాలుగేళ్ళు ఆ గొళ్ళెం ముట్టుకోని మనిషి. ఒక్కడే లోపలికెళ్ళి, ఆ నేల మీద కూర్చుని, ఒక్కో టైలూ తన చేత్తోనే పగలగొట్టి ఉంటాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బుగ్గన చలిమిడి ఉండటంతో ఆ ఏడుపు కూడా సరిగ్గా ఏడవలేకపోయాను.

అత్తగారు ఒక చిన్న ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. చాలాసేపు చప్పరించింది.

"పాకం చానా ముదిరింది అన్నయ్యగారూ. నేనొచ్చి పట్టి చూపిస్తా, నేర్చుకుందురుగాని." తర్వాత నా మీద విరుచుకుపడింది. "ఏమే, అట్టా చూస్తా కూచున్నావేంది? పొద్దుండగానే మాచర్ల చేరాలి. బట్టలు సర్దుకో, ఫో."

ఆ సాయంత్రం మాచర్లలో ఎదురింటి పెద్దమ్మ వేడినీళ్ళు తోడి పెట్టింది. ఆ గదిలో కాలు పెట్టాను. నేల గరుకుగా, అరికాలికి గట్టిగా తగిలింది. అవసరం లేకపోయినా పైపు పట్టుకున్నాను. తలుపు అవతల నాన్న గొంతు వినపడింది.

"జారట్లేదు గదా?"

"లేదు నాన్నా."

కాన్పయ్యేదాకా రోజూ తలుపవతల అదే ప్రశ్న. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఏ రోజూ వెటకారంగా జవాబు చెప్పలేదు.