కాటు గడిలో పట్టని మనిషి

యాదయ్య ఇక లేడన్న వార్త గత మంగళవారం పొద్దున ఫోనులో విన్నాను. విన్నది విన్నట్టు డైరీలో రాసుకున్నాను. చిరకాలపు అభ్యాసం చేతిని నడిపించింది గానీ, ఆ వాక్యాన్ని మళ్లీ చదవడానికి ధైర్యం చాలలేదు. భువనగిరి చుట్టుపక్కల పల్లెల్లో అతడు పశువుల దవాఖాన సహాయకుడు. అక్కడి పశువైద్యుణ్నైన నాకు ఉద్యోగ విరమణ దాకా కుడిభుజం. అతణ్ని బలిగొన్నది రేబిస్. ఊరూరా మూగజీవాలకు టీకాలు వేసిన మనిషి, తనకు వేయవలసిన టీకా కోసం కాగితం పట్టుకొని తిరిగి తిరిగి మరణించాడు. ఈ సంస్మరణలో శోకం కంటె ఆగ్రహమే అధికంగా కనిపిస్తే, అందుకు నేను క్షమాపణ కోరను.

రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం గొర్రెలు పంచిన రోజులు. ఎక్కడెక్కడినుంచో లారీల్లో దిగిన జీవాలను టీకా పడేదాకా ఊరి మందల్లో కలవనివ్వలేదు యాదయ్య. "ఏం యాదన్నా, గొర్లకు గూడ పాసుపోర్టు అడుగుతున్నవా?" అని ఒక పెద్దగొల్ల ఎకసెక్కమాడాడు. "నిన్నైతె అడుగుతలేను గద, నువ్వు ఊర్లెకు పో. గొర్లు ఈడనే ఉంటయి" అన్నాడితడు. అందరూ నవ్వారు, గొర్రెలు మాత్రం బయటే ఉన్నాయి.

మరొకసారి డబ్బాలో ఐసు కరిగిపోయి టీకా సీసాలు వేడెక్కాయి. పారబోయబోతుంటే, "ఎవలకు తెలుస్తది, వేసెయ్" అని పక్కనున్నవారు తొందరపెట్టారు. "గొర్రెకు తెలుస్తది" అన్నాడు. అతని ధర్మశాస్త్రమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఈ వేసవిలో మల్లమ్మ అనే వృద్ధురాలి బర్రె మేత మానేసి సొంగ కార్చసాగింది. గొంతులో మామిడి టెంక ఇరుక్కుందని ఆమె నమ్మకం. యాదయ్య వెళ్లేసరికే బర్రె నోట్లో చేయి పెట్టి వెతుకుతోంది. మా పల్లెల్లో అందరూ చేసేదే అది. ఆమె చేతిని బయటకు లాగి, తానూ చేయి పెట్టి చూశాడు. చేతితొడుగులు లేవు. వాటికోసం నేను పెట్టిన అర్జీల నకళ్లు నా బీరువాలో నేటికీ భద్రంగా ఉన్నాయి. టెంకా లేదు, ముల్లూ లేదు. ఇది పిచ్చిరోగమని, తన అరచేతిలో పలుపుతాడు కోసిన గాయాలకు ఆ సొంగ అంటిందని అప్పుడతడికి బోధపడింది. ఇద్దరి చేతులూ సబ్బుతో కడిగించాడు. మూడో రోజున బర్రె చనిపోతే నిబంధన ప్రకారం లోతుగా గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చాడు. మరునాడు మల్లమ్మను వెంటబెట్టుకొని ప్రభుత్వ దవాఖానకు వెళ్లాడు.

"కుక్క కరిచిందా, కోతి కరిచిందా?" అని అడిగాడు రిజిస్టరు ముందున్న మనిషి.

"బర్రె. కరువలేదు. నోట్ల చెయ్యి పెట్టిన, సొంగ అంటింది."

"కాటు లేకుంటె ఏ గడిల రాయాలె? బర్రెకు పిచ్చి లేసిందని పరీక్ష కాయితం తే."

ఆ కాగితం రావాలంటే బర్రె తలను పరీక్షకు పంపాలి. ఆ తల సున్నం కింద ఉంది.

వెనకనున్న మల్లమ్మ చేయి చాపింది. "నన్ను కుక్కనే కరిచింది బిడ్డా." ఆమెకు సూది పడింది.

బయటికొచ్చాక ఆమె బతిమాలిందట. "నువ్వు గూడ అనరాదా కొడుకా. ఒక్క మాటనే గద."

"నీకు పడ్డది, సాలు అవ్వా. ఇద్దరం కుక్క అంటె ఇగ కాయితంల బర్రె యాడ పాయె? రేపు ఇంకో ఇంట్ల గిట్లనే చేతులు పెడ్తరు."

మా శాఖను అడిగితే, మనుషుల సూది తమ పరిధి కాదన్నారు. పశువుకు ఒక శాఖ, మనిషికి ఒక శాఖ. పశువునుంచి మనిషికి పాకే రోగానికి ఏ శాఖా లేదు. పశువులను తాకే ప్రతి ఉద్యోగికి ముందే వేయవలసిన టీకా అది. వేయని దోషం ఎవరిదని అడిగితే, రెండు కార్యాలయాలూ ఒకదాన్నొకటి చూపిస్తున్నాయి.

దవాఖానలో సూది వేయక తిప్పిపంపిన సాయంత్రమే అతడు నా దగ్గరికొచ్చాడు. బయట దుకాణంలో కొని వెంటనే వేసుకొమ్మని నేను చెప్పవలసింది. చెప్పలేదు. రాయనిది జరగనట్టేనని అతనికి నేర్పినవాణ్ని నేను. పొందికగా అర్జీ రాసిచ్చి, జవాబు వచ్చేదాకా ఆగుదామన్నాను. "మీరు రాసిన్రంటె పని అయితది సార్" అని నమ్మకంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నమ్మకాన్ని నా శేషజీవితమంతా మోయాలి.

కొన్ని వారాలకు, మా ఇంట్లో నీళ్ల గ్లాసు చూసి ముఖం తిప్పుకున్నాడు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నీళ్లంటే భయం ఈ రోగపు చివరి గుర్తని ఇద్దరికీ తెలుసు.

మరణానికి కారణం జ్వరమని కాగితంలో రాశారు. అర్జీకి జవాబు నిన్న వచ్చింది: సంబంధిత శాఖకు పంపడమైనదట.

అదే పూట మల్లమ్మ మా గడపలో కూర్చుంది. "సార్, నన్ను కుక్క కరువలే. నా పేరు కాడ బర్రె అని రాపియ్యుండ్రి. లేకుంటె ఆ కొడుకే అబద్ధమాడిండని అనుకుంటరు" అంది.

యాదయ్య వంటి సత్యసంధుణ్ని ఈ నేల మళ్లీ ఎప్పుడు కంటుందో నాకు తెలియదు. అతనికి నేనర్పించగల నివాళి ఒక్కటే. రేపు ఆమెను తీసుకొని ఆ రిజిస్టరు దగ్గరికి వెళుతున్నాను. గడి లేదంటారు. కాగితానికి అంచు ఉంటుంది కదా, అక్కడ రాయమంటాను. రాసేదాకా కదలను.