వాన ఆపిన ఆట

మొన్న మధ్యాహ్నం, నేపర్‌విల్‌లో నేనుంటున్న మా మేనకోడలి ఇంటి వెనుకనున్న పార్కులో టెన్నిస్ కోర్టుకు కొత్త రంగు వేస్తుంటే, చేతికర్ర పక్కన ఆనించుకుని బల్లమీద కూర్చుని చాలాసేపు చూశాను. పనివాళ్ళిద్దరు చిక్కని నీలిరంగును నేలమీద పోసి, పొడవాటి కర్రలకు అమర్చిన రబ్బరు పలకలతో ఈ అంచునుంచి ఆ అంచుకు లాగుతుంటే, అరవై ఏళ్ళ కిందటి మా ఊరి క్లబ్బు కళ్ళముందు నిలిచింది. అక్కడ కోర్టును పేడనీళ్ళతో అలికి, ఎండెక్కి ఆరిన పిదప దానిమీద సున్నపు గీతలు గీసేవారు. ఆ వాసన ఎరిగినవారు నా ఈడువారిలో కొందరైనా మిగిలి ఉంటారన్న ధైర్యంతో ఇది వ్రాస్తున్నాను.

మా అక్క ఆ కోర్టుమీదనే ఆట నేర్చింది. ఆడపిల్ల సైకిలు తొక్కితేనే వీధివీధంతా వింతగా చూసే రోజులలో, తెల్ల పరికిణీమీద ఓణీ నడుముకు బిగించి, నాన్నగారి బరువైన కొయ్య రాకెట్టుతో ఆడి, మా వైపు జిల్లాలన్నిటికీ కలిపి జరిగే మహిళల పోటీలో మూడేళ్ళు వరుసగా కప్పు ఇంటికి తెచ్చింది. నాలుగో ఏటి తుదిపోటీలో ఆమెకు ఎదురు నిలిచినది, మదరాసులో చదువుకుంటున్న పొడుగుపాటి అమ్మాయి. అక్క మొదటి సెట్టు పోగొట్టుకుని, రెండవదానిలో ఒకటి, నాలుగుతో వెనుకబడి ఉండగా వాన విరుచుకుపడింది. పేడకోర్టు సంగతి తెలిసిందే కదా, ఒక్క జల్లుకే బురదవుతుంది, మళ్ళీ అలికి ఆరబెట్టాలంటే రోజులు పడతాయి. ఆ అమ్మాయి పరీక్షలున్నాయని సాయంత్రపు రైలెక్కి వెళ్ళిపోగా, పెద్దలు ఆలోచించి, నిరుటి విజేత కనుక కప్పును అక్కకే ఇచ్చారు. మరుసటి మాఘంలో అక్కకు పెళ్ళయింది. ఆపైన ఆమె రాకెట్టు ముట్టలేదు. ఆ విధంగా ఓటమి ఎరుగనిదన్న ఖ్యాతి ఆమెకు శాశ్వతంగా అంటుకుపోయింది.

కూతురి దగ్గర ఉండడానికి అక్క ఈ దేశం వచ్చాక ఆ ఖ్యాతి మరింత పెరిగింది. శనివారపు విందులలో పెద్దవాళ్ళను పరిచయం చేయడం ఇక్కడి మనవారికి ఒక ముచ్చట. “ఆంటీ ఛాంపియన్ అండీ, లైఫ్‌లో ఒక్క మ్యాచ్ కూడా లూజ్ కాలేదు” అని ఎవరైనా మొదలుపెట్టగానే అక్క పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి జారుకునేది. అది వినయమనుకున్నాం. ఒక్కసారి ఆడి చూపించమని ఎవరడిగినా మోకాళ్ళను సాకు చెప్పేది. పేరు ఎక్కడ పోతుందోనన్న ఆమె భయం మాకు తెలియదు.

అందరి ఉద్యోగాలూ ఊగిసలాడుతున్న ఆ మాంద్యపు వేసవిలో, హైస్కూలు జట్టులో ఆడే మనవరాలు, అమ్మమ్మను అడగకుండానే పార్కులో పెట్టిన వృద్ధుల పోటీకి ఆమె పేరు ఇచ్చేసింది. మా మేనకోడలు మండిపడింది.

“డెబ్బై దాటిన మనిషే! పడిందంటే హిప్ పోతుంది. వెంటనే విత్‌డ్రా చెయ్.”

“నో మమ్మీ, అమ్మమ్మ విన్ అవుతుంది. షీ నెవర్ లూజెస్.”

ఆ మాటకు అక్క ముఖం పాలిపోయింది. అయినా వద్దనలేదు, ఎప్పుడని మాత్రం అడిగింది. మరునాటి నుంచి గరాజు తలుపుకు బంతి తగిలే చప్పుడుతో మాకు తెల్లవారేది.

పోటీనాడు ఎదురాడినది మా వీధి చివరనుండే ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చిన తెల్లావిడ. ఈ గట్టినేలమీద బంతి అక్క అనుకున్నదానికన్నా ఎత్తుకు లేచేది, అందుచేత మొదటి సెట్టు ఇట్టే పోయింది. రెండవదానిలో లెక్క ఒకటి, నాలుగు దగ్గరకు వచ్చేసరికి, బంతి చేతబట్టుకుని అక్క ఒక్క క్షణం ఆగి ఆకాశంవంక చూసింది. ఆ లెక్క నాకూ గుర్తుంది కనుక నేనూ తలెత్తాను. ఎక్కడా ఒక్క మబ్బు తునక లేదు. అక్క బంతి ఎగురవేసి ఆడింది, ఒక గేము గెలిచింది, తక్కిన రెండూ ఓడింది. నెట్టు దగ్గరకు వెళ్ళి ఆవిడ చేతులు రెండూ పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

మనవరాలి కళ్ళనిండా నీళ్ళు. “అమ్మమ్మా, నువ్వు లూజ్ అయ్యావ్. ఎందుకు లాఫ్ చేస్తున్నావ్?”

“ఓడిపోతే ఇంత తేలిగ్గా ఉంటుందని తెలీదే పిల్లా,” అని అక్క నావైపు తిరిగింది. “ఒరేయ్ తమ్ముడూ, ఆనాడు వాన రాకపోతే ఇంతే అయ్యేదిరా. ఆ అమ్మాయి నన్ను ఓడించేసింది.”

“మరి అప్పుడే చెప్పకపోయావా అక్కా?”

“ఎవడు విన్నాడు? మీరంతా బాజాలు పట్టుకొచ్చారుగా!”

ఆ మధ్యాహ్నం అక్క రెండుమార్లు పప్పుచారు వడ్డించుకుని తిని, సంధ్యవేళ దాకా ఆదమరచి నిద్రపోయింది. తరువాతి శనివారం ఎవరో మళ్ళీ ఆ పాత ఛాంపియన్ పరిచయమే మొదలుపెట్టగా, “కిందటివారమే ఓడానమ్మా, సుబ్బరంగా ఓడాను” అని అందరినీ నవ్వించింది. ఆపైన మోకాళ్ళు నిజంగానే మొరాయించేదాకా, నాలుగైదు వేసవులు, ఆ ఉపాధ్యాయినితో వారం వారం ఆడి, తరచుగా ఓడి, హాయిగా ఇంటికి వచ్చేది.

రంగు పని ముగిసేవేళకు పడమట మబ్బు పట్టింది. ఇప్పుడు ఆటగాళ్ళెవరూ మబ్బుకు బెదరరు, జల్లు వెలిశాక నీళ్ళు తుడిచి, లెక్క ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మళ్ళీ అందుకుంటారు. పేడకోర్టు వాసన మనతోనే పోతుంది గాని, ఈ మార్పు మాత్రం మంచిదే. ఆ మదరాసు అమ్మాయి ఇప్పుడు ఎక్కడున్నదో, ఏ మనవలకు తన ఆట సంగతులు చెబుతున్నదో తెలియదు. ఆ ఆట ఆలస్యంగానైనా పూర్తయిందనీ, గెలిచింది తానేననీ ఎవరైనా ఆమె చెవిన వేస్తే బాగుండును.