తడి కాగితం చెప్పిన నిజం

ముప్పై ఏళ్ళుగా ఊరి జంతువుల బొచ్చు ఎదురు దువ్వి చూసిన పశువుల డాక్టరుకు ఆ రోజు సొంత ఇంట్లోనే పని పడింది.

"ఒళ్ళంతా దురదలే, అల్లుడుగారూ. మీ కుక్కన్నా పోవాలి, నేనన్నా పోవాలి," అంది అత్తగారు, ఒళ్ళో పిల్లిని నిమురుతూ.

ఆయన కుక్కను పేలదువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి కాగితం మీద వేశాడు. రక్తం తాగే పురుగుల రెట్టలైతే ఎర్రగా కరుగుతాయి. ఇవి కరగలేదు, ఉత్త మట్టి. తరువాత పిల్లిని దువ్వాడు. కాగితం ఎర్రబడింది.

"నా బంగారుతల్లికి పురుగులా!" అంటూ అత్తగారు నోరు నొక్కుకుంది. "సరే, కుక్కను ఉండనివ్వండి. ఇంతకీ ఆ దువ్వెన ఎక్కడిది?"

"మీ అద్దం దగ్గరదేనండీ, అత్తయ్యగారూ."

కుక్కకు ఇంట్లో చోటు దక్కింది. డాక్టరుగారు మాత్రం ఆ పూట వరండాలో భోంచేశారు.