మూడో అంతస్తులో మొదటి పదును

అనంతపురంలో వరద వచ్చిందంటే మీరు నమ్మరు. వచ్చింది. నేనే తెప్పించాను. అదీ మూడో అంతస్తులో, మా నాయన ఏడాది పంట కొట్టుకుపోయేటంతగా.

టౌన్లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చిన కొత్త. టవర్ క్లాక్ దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఓనరమ్మ దాన్ని 'ఫర్నిష్డ్ స్టూడియో' అంది. అంటే ఏమీ లేదు, మంచం మీద కూర్చునే పోపు పెట్టుకోవచ్చు. బీరువా, ఫ్రిజ్, సోఫా అన్నీ ఉన్నాయి. నడవడానికే చోటు లేదు.

"నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయక్కా?" అని అడిగాను.

"దినామూ వస్తాయి. మోటారు ఉండాది కదమ్మా," అంది.

నాకు నమ్మకం కుదరలేదు. మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. నాలుగు రోజులకోసారి అరగంట నీళ్లు. అందుకే మా ఇంట్లో కొళాయి ఎప్పుడూ తిప్పే ఉంటుంది, కింద బిందె కాచుకుని ఉంటుంది. బిందెలో చప్పుడైతే నీళ్లొచ్చినట్టు. కొళాయిని కట్టేయడం కూడా ఒక పనేనని నాకెవరూ నేర్పలేదు.

జూన్‌లో నాయన రెండు మూటలు మోసుకొచ్చాడు. ఒలిచి, ఏరి, వాన కోసం సిద్ధంగా పెట్టుకున్న వేరుశనగ విత్తనాలు.

"ఇంట్లో ఎలుకలు తింటాండాయి పాపా. వాన పడేదాకా ఈడ పెట్టుకో. తడి మాత్రం తగలనీయొద్దు."

"అనంతపురంలో తడి యాడిది నాయనా?" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ లెంపలు వేసుకోవాలనిపిస్తుంది. మూటలు రెండూ మంచం కిందికి తోశాం.

శుక్రవారం కరెంటు లేక ట్యాంకు ఖాళీ అయింది. కొళాయి తిప్పితే ఉత్త గాలి. హమ్మయ్య, కొళాయంటే ఇదీ అనుకున్నాను. అలవాటు కొద్దీ దాన్ని అలాగే వదిలి, కింద సింకులో బిందె పెట్టాను. అది సరిగ్గా నీళ్లు పోయే బొక్క మీద కూర్చుంది. తాళం వేసి స్నేహితురాలి పెళ్లికి లేపాక్షి వెళ్లిపోయాను.

సోమవారం వచ్చేసరికి ఓనరమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది.

"ఏమ్మా, కొంప ముంచినావే. కరెంటొచ్చి మోటారేస్తే మెట్ల మీద ఏరు పారింది. తలుపు చూస్తే తాళం, ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పైకి పోయి వాల్వు కట్టేసినా."

తలుపు తీశాను. సోఫా నీళ్లు తాగి ఎనుములాగా ఉబ్బింది. దాన్ని దాటుకుని మంచం కిందికి వంగాను. గోనె సందుల్లోంచి తెల్లటి మొలకలు. మా చేలో ఏనాడూ అంత చక్కగా మొలవలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

మర్నాడు మొదటి బస్సుకే నాయన వచ్చాడు. తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను. ఒక మొలకను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"విత్తనం మంచిదే," అన్నాడు. మొలకను మళ్లీ మూటలోనే పెట్టాడు. తిట్టినా బాగుండేది.

గురువారం వాన కుమ్మేసింది, నేల విత్తే పదునుకొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు దేవుడు వానిచ్చినా కూతురు విత్తనమివ్వలేదు. ఊరంతా విత్తడానికి గొర్రు కట్టింది, నాయన గట్టు మీద కూర్చున్నాడు. చివరికి మా చేలో ఉలవలు చల్లారు. ఆ ఏడంతా ఇంటికెళితే ఉలవచారే. గిన్నె నా ముందు పెట్టిన ప్రతిసారీ అమ్మ ఒక చూపు చూసేది.

ఊళ్లో వేరుశనగ పెరికే రోజులొచ్చాక నాయనే ఫోన్ చేశాడు.

"పాపా, ఊళ్లో అందరికంటే ముందు విత్తింది నువ్వే. కాయలు పెరికేదానికి కూలోళ్లను మూడో అంతస్తుకు పంపాల్నా?"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. కనుక పెద్దలారా, నీళ్లు రాని కొళాయిని సైతం బిగించి కట్టేస్తాననీ, ఈ జిల్లాలో వాన కురిపించే పని ఇకమీదట వానకే వదిలేస్తాననీ ఉలవచారు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.