కుంకుమ అంటిన డిస్క్

హుమాయూన్ చేతులు కడుక్కునే చప్పుడును బట్టి ఆ రోజు ఎలాంటి పని వచ్చిందో అతని భార్య అన్వరీ చెప్పేస్తుంది. ఒక్కసారి కడిగితే దుమ్ము. రెండుసార్లయితే బొద్దింకలు. మూడోసారి కూడా సబ్బు అందుకున్నాడంటే, ఎవరి కంప్యూటర్లోనో బల్లి ఎండిపోయి దొరికిందని అర్థం.

వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల గోడౌన్ పక్క నుంచి ఇరుకు మెట్లెక్కితే అతని గది వస్తుంది. తోపుడు బండ్ల వాళ్లూ ఆటోల వాళ్లూ ఒకరినొకరు తిట్టుకునే మాటలు రోజంతా కింద నుంచి ఆవిరిలా పైకి లేస్తుంటాయి. ఆ ఆవిరిలో కూర్చుని ముప్ఫై ఏళ్లుగా అతను ఇతరుల యంత్రాలు విప్పుతున్నాడు. లోపల ఫొటోలున్నాయనీ ఉత్తరాలున్నాయనీ తెచ్చినవాళ్లు అంటారు. అతనికి కనిపించేవి వేరు. ఫ్యాన్ రెక్కలకు అంటుకున్న జిడ్డు, దానిలో చిక్కుకున్న వెంట్రుకలు, చీమల గుడ్లు, గుట్కా నములుతూ మాట్లాడిన మనిషి తుంపర్లు ఎండి మిగిలిన గోధుమరంగు చుక్కలు.

"ఒంట్లో మురికి డాక్టరుకి చూపించాలంటే సిగ్గుపడతారు. నాకు చూపించడానికి ఎవడికీ సిగ్గుండదు," అంటాడు. అరవై ఏళ్లొచ్చినా అసహ్యం అతనికి అలవాటు కాలేదు. అది ప్రతి ఉదయం కొత్తగా పుడుతుంది.

అన్నిటికన్నా అతను అసహ్యించుకున్నది ప్యారలల్ పోర్టును. పాత కంప్యూటర్ల వెనక ఇరవై అయిదు రంధ్రాలతో ఉండే వెడల్పాటి సాకెట్ అది. ప్రింటర్ కోసం పెట్టారు. తర్వాత జిప్ డ్రైవ్ అనే నీలం డబ్బా వచ్చి ఆ దారి మధ్యలో కూర్చుంది. అరచేతిలో పట్టే డిస్కును మింగి, డెబ్బై ఫ్లాపీల సరుకు దాచేది. ప్రింటర్ దాని వెనక వేలాడేది. ఇరుకు సందులో ఎదురుపడ్డ రెండు బండ్లలా, ఒకటి కదిలితే రెండోది ఆగేది. డ్రైవ్ పనిచేస్తుండగా ఎవరైనా ప్రింటర్ స్విచ్ వేస్తే డ్రైవ్ మూగబోయేది, ప్రింటర్ అర్థం కాని గుర్తులు కక్కేది.

ఒకప్పుడు బెజవాడ ప్రెస్సుల నుంచి రోజూ ఒకటే కబురు: "డ్రైవ్ కనపట్లేదు, రా." వెళ్తే ఏముంటుంది? డ్రైవ్ కేబుల్‌కు బదులు ప్రింటర్ కేబుల్ కోసం తడుముకుంటూ ఒకడు. మరలు బిగించకుండా వదిలేసిన ప్లగ్గు. టీ ఒలికి చీమలు పట్టిన సాకెట్. సరిచేసి, తిట్టుకుంటూ తిరిగొచ్చేవాడు. కాలం మారి అందరూ ఆ డబ్బాల్ని చెత్తలో పారేశాక, హుమాయూన్ ఒక్కదాన్ని ఉంచుకున్నాడు. తెల్లటి గుడ్డలో చుట్టి, బీరువా పై అరలో. మురికి డిస్కు గానీ చిరిగిన డిస్కు గానీ దానిలో పెట్టకూడదన్నది అతని నియమం. ఎవరు బతిమాలినా ఆ నియమం తప్పలేదు.

నిరుడు దసరాకు పది రోజుల ముందు, ఉక్క గోడల మీద చెమటలా నిలిచిన మధ్యాహ్నం, కనకలక్ష్మి మెట్లెక్కి వచ్చింది. ఎప్పుడో మూతపడ్డ ఒక పెళ్లికార్డుల ప్రెస్సులో ఆమె బోర్డర్లు గీసేది. అప్పటి నుంచీ పరిచయం.

"ఏం భాయ్, బతికే ఉన్నావా?"

"ఈ కంపులో దీన్నే బతకడం అనుకోవాలండీ అక్కగారూ. రండి, కూర్చోండి. ఆ కుర్చీలో వద్దు. నిన్న ఒక సీపీయూలో ఎలక దొరికింది, దాన్ని ఆ కుర్చీ మీదే పెట్టాను."

"ఛీ. ఇటు లాగు ఆ స్టూలు."

అవనిగడ్డ నుంచి గుడివాడ దాకా ఎన్ని ఇళ్ల పెళ్లి శుభలేఖల అంచుల మీదో ఆమె తీగలు పాకాయి. పన్నెండేళ్లలో నూట పన్నెండు బోర్డర్లు. ఎక్కడా ఆమె పేరు లేదు. అటక మీద దాచుకున్న కాగితాలను చెదలు తినేశాయి. కట్ట విప్పితే మట్టి గూళ్లు రాలాయి తప్ప ఒక్క గీత మిగల్లేదు. ప్రెస్సు మూసే ముందు అన్నీ స్కాన్ చేసి ఒక డిస్కులో పెట్టి ఇచ్చారు. మిగిలింది అదే.

"ఇన్నేళ్లకి ఎందుకు గుర్తొచ్చిందండీ?"

"మా మనవరాలు సింధూరి, దాని స్నేహితురాలి పెళ్లికి ఫోన్లోనే కార్డు తయారు చేసింది. చుట్టూ నా జామకొమ్మ! దాని మీద నా చిలక! ఇది నేను గీసిందేనే అన్నాను. 'నెట్లో ఫ్రీగా దొరుకుతుంది అమ్మమ్మా, నువ్వు గీయడమేంటి' అని నవ్వింది. వాళ్లమ్మా నవ్వింది భాయ్. నా కడుపున పుట్టింది. నేనా చిలకని గీస్తుంటే నా ఒళ్లో తలపెట్టుకుని నిద్రపోయిన పిల్ల."

"మళ్లీ ఒకటి గీసి చూపించలేకపోయారా?"

ఆమె కుడిచెయ్యి చాచింది. గాలికి కాలవ మీది నీరులా వేళ్లు వణికాయి.

"మూడో ఆకు కింద 'క' అని రాసుకున్నాను. అచ్చుకి వెళ్లేముందు ఓనరు ప్లేటు మీద చెరిపించాడు. డిస్కులో ఉన్నదాంట్లో చెరపలేదు. అది చూపిస్తే చాలు."

పట్టుగుడ్డ ముడి విప్పి డిస్కు బల్ల మీద పెట్టింది. హుమాయూన్ వెనక్కి జరిగాడు. డిస్కు మీది ఇనప తలుపు కనపడటం లేదు. గంధం పొరలు పొరలుగా ఎండి, పగిలి, మధ్యమధ్య కుంకుమ గడ్డకట్టింది. పాత నూనె వాసన, నిరుటి కర్పూరం వాసన.

"ఇదేంటండీ?"

"ఏటా ఆయుధ పూజకి బొట్టు పెడతాను. నా కుంచెలకీ, దీనికీ. ఇరవై అయిదు దసరాలు. ఏం?"

గుట్కా మరక అయితే ఈపాటికి నాలుగు తిట్టేవాడు. ఇదీ మురికేనన్న మాట తన నోటి నుంచి వస్తే ఆమె చెవికి ఎలా చేరుతుందో అని మాటలు ఏరుకున్నాడు.

"మా ఇంట్లోనూ ఇదే గోలండీ. అన్వరీ గురువారం గురువారం ఊదు వేస్తుంది. ఆ పొగకి నా మంచి డ్రైవ్ ఒకటి పోయింది. భక్తి దేవుడికి బాగుంటుంది అక్కగారూ. మిషన్‌కి అదీ దుమ్మే."

"అంటే నా చేతులారా నేనే..."

"ఉండండి. ఇది ఇంకెవరికైనా చూపించారా?"

"పటమటలో ఒక కుర్రాడు పాత డ్రైవ్ కొనుక్కున్నానన్నాడు. మూడుసార్లు పెట్టాడు. టిక్ టిక్ మంది, తీసిచ్చేశాడు."

హుమాయూన్ తలుపు జరిపి, లోపలి పల్చటి పళ్లేన్ని వేలితో మెల్లగా తిప్పాడు. భూతద్దం కింద అది చీకటి చెరువులా మెరిసింది. దాని మీద ఎర్రటి రేణువులు. అంచున ఒకచోట, కొరికిన గోరులా, చిన్న చిరుగు.

"ఛీ ఛీ! పాడైన డ్రైవ్‌లో ఒక్కసారి పెట్టడమే తప్పు. మూడుసార్లా? మనిషేనా వాడు?"

తర్వాత ఆమెకు నెమ్మదిగా చెప్పాడు. డ్రైవ్ లోపల చదివే ముల్లు కనురెప్ప వెంట్రుక కన్నా సున్నితం. అది ఈ అంచు దాటే లోపలికి వెళ్లాలి. అదృష్టం ఉంటే ఒకసారి దాటుతుంది. దారిలో ఒక్క రేణువు అడ్డుపడినా మళ్లీ ప్రయత్నిద్దామని వెనక్కి వస్తుంది, మళ్లీ అంచు దాటుతుంది. అప్పుడు చిరుగుకు తగిలి విరుగుతుంది.

"విరిగితే?"

"ఆ డ్రైవ్ ఇంక ఏదీ చదవదు. పెట్టిన ప్రతి డిస్కునీ చింపుతుంది."

"ఇంకోటి లేదా నీ దగ్గర?"

"లేదండీ."

కనకలక్ష్మి డిస్కును గుడ్డలోకి లాక్కుంది. "వద్దులే భాయ్. నవ్వితే నవ్వుకోనీ."

ముడి వేయబోయింది. కొస జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. నూట పన్నెండు తీగలను తెగకుండా అల్లిన వేళ్లకు ఒక్క ముడి పడటం లేదు. ఒళ్లో నిద్రపోయిన పిల్ల నవ్వును హుమాయూన్ ఊహించుకున్నాడు. ఎండిన బల్లులన్నిటికన్నా అది అసహ్యంగా తోచింది.

"ఇటివ్వండి," అన్నాడు.

మెత్తటి కుంచెతో, రేణువు తరవాత రేణువు, గంటన్నర ఏరాడు. వేలి కొస ఎర్రబడింది. తెల్లగుడ్డ విప్పి డ్రైవ్‌ను పాత కంప్యూటర్‌కు తగిలించాడు. డ్రైవ్ కనబడటం లేదని తెర మీద వచ్చింది.

"దరిద్రం! ఇది తన బుద్ధి పోనిచ్చుకోదు."

వెనక నుంచి ప్రింటర్‌ను పూర్తిగా ఊడదీశాడు. కేబుల్ తీసి, పిన్నులు తుడిచి, రెండు మరలూ బిగించాడు. అయినా లేదు. అప్పుడు తెర మూలన తేదీ చూశాడు. ఎప్పటిదో పాత సంవత్సరం, జనవరి ఒకటి. లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, కంప్యూటర్ పోర్టు సెట్టింగులన్నీ మరిచిపోయింది. బ్యాటరీ మార్చి, సెట్టింగు మళ్లీ పెట్టాడు. వేగంగా వద్దని, అన్నిటికన్నా నెమ్మదైన దాన్ని ఎంచుకున్నాడు. ఈసారి డ్రైవ్ కనబడింది.

"ముందు ఏది కావాలి? మధ్యలో ఆగితే ఆగినట్టే."

"జామకొమ్మ."

డిస్కు లోపలికి నెట్టాడు. గిర్రుమంది. చిన్నగా గీరుకున్న చప్పుడు. తర్వాత ఎక్కడో దూరంగా కుట్టుమిషన్ నడుస్తున్నట్టు సన్నటి పాట మొదలైంది. మొదటి ఫైలు కంప్యూటర్‌లోకి దిగగానే అతను దాన్ని తెరిచాడు. తెర పైనుంచి కిందికి, మంచు కరిగినట్టు, జామకొమ్మ బయటపడింది. పిందెలు, చిలక, మూడో ఆకు. ఆకు కింద, తీగ మెలికలో దాక్కుని, 'క'.

కనకలక్ష్మి ముందుకు వంగింది. "తోక కొంచెం లావైంది," అంది.

ఫోనుతో తెరను ఫొటో తీసి సింధూరికి పంపింది. చెయ్యి వణికి మూడుసార్లు తీయాల్సి వచ్చింది. మిగతావి ఒక్కొక్కటీ దిగుతుండగా జవాబు వచ్చింది. ఆమె గట్టిగా చదివింది: "సారీ అమ్మమ్మా. నిజంగా నీదే. అయినా పేరు అంత చిన్నగా ఎవరు రాస్తారు?"

"చూశావా భాయ్? తప్పు మళ్లీ నాదే."

నలభై మూడు దిగాయి. నలభై నాలుగోదాని మధ్యలో పాట తెగింది. టిక్. టిక్. టిక్. హుమాయూన్ వెంటనే స్విచ్ తీసేశాడు. మళ్లీ పెట్టి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదని అతనికి తెలుసు.

"నీ మిషన్..."

"పీడ విరగడైంది. ఇంక దీని మొహం చూడక్కర్లేదు." పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆమె చేతిలో పెట్టాడు. "దీనికి మాత్రం బొట్టు పెట్టకండి."

"పెట్టను. డబ్బాలో పెట్టి డబ్బాకి పెడతాను."

ఆమె మెట్లు దిగాక, చచ్చిన డ్రైవ్‌ను చెత్తబుట్ట దాకా తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చి, తెల్లగుడ్డలోనే చుట్టాడు. అలా చుట్టినందుకు తనను తానే ఛీకొట్టుకున్నాడు.

ఇంటికి వెళ్లి చేతులు కడిగాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి కుళాయి తిప్పేసరికి అన్వరీ వంటింట్లోంచి వచ్చింది. గోటి సందులో ఎరుపు ఇంకా పోలేదు.

"ఏమండీ, ఎవరి పెళ్లికెళ్లొచ్చారు?"

"నలభై మూడు పెళ్లిళ్లకి," అన్నాడు హుమాయూన్, సబ్బు కోసం చెయ్యి చాస్తూ. "ఒక్కచోటా బిర్యానీ పెట్టలేదు. ఛీ."