కింద ఎవరూ లేని బండ

కడప సమాధుల తోటలో మా అమ్మ సమాధి పక్కన ఒక నల్లబండ నిలబెట్టి ఉంది. ఎప్పుడో సరిహద్దు కొండల మీదికి దండయాత్రకు పోయి చనిపోయిన సిపాయిల పేర్లు దాని మీద చెక్కారు. వాళ్ల శవాలు ఆ కొండల్లోనే ఉండిపోయాయి. పేర్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఏటా ఈస్టరుకు అమ్మ సమాధికి సున్నం కొట్టాక ఆ బండనూ కడుగుతాను.

ఈసారి పండగనాడు తెల్లవారుజామున అమ్మకొక కొవ్వొత్తి పెట్టి, బండ ముందు ఇంకొకటి వెలిగించాను. మా సంఘపెద్ద చూశాడు.

"దాని కింద ఎవురూ లేరు గదమ్మా, కొవ్వొత్తి దండగ."

నాకు ఒళ్లు మండింది.

"యేసయ్య సమాధిలో ఎవురూ లేరనే గదా పెద్దయ్యా, ఈ పొద్దు మనం పండగ చేసుకుంటాండేది!"